ఇంటి ముందు ఫైర్ హైడ్రంట్ ఉన్న జాగ: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

హన్మకొండ నుంచి మామ ఆశీస్సులు. టెక్సాస్‌లో ఇల్లు కట్టించుకోవడానికి చూసిన జాగ ఫొటోలు నువ్వు పంపావు కదా, చూశాను, బాగుంది. నిన్న పొద్దున్నే మీ అమ్మ మా ఇంటికొచ్చి, చాయ్ కూడా తాగకుండా ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నా, ఇంటి ముందు ఈ స్తంభమేంది? గుమ్మానికి ఎదురు పడదా?" అని అడిగింది. ఫొటో పెద్దది చేసి చూశాను. స్తంభం కాదు, ఫైర్ హైడ్రంట్, అంటే ఫైరింజన్ వాళ్లు గొట్టం తగిలించి నీళ్లు తీసుకునే నల్లా. నడుము ఎత్తు కూడా లేదు. ఎర్రటి ఒళ్లు, పైన ఆకుపచ్చ టోపీ.

ముందే చెప్తున్నా, అది ఉందని ఆ జాగ వదులుకోకు. కానీ అది నీ జాగ ముందు సరిగ్గా ఎక్కడుందో టేపు పెట్టి కొలవకుండా అడ్వాన్స్ కూడా కట్టకు.

నా సర్వీసంతా ఫైరింజన్ మీదే గడిచిందని నీకు తెలుసు. ఒక ఎండాకాలం జమ్మికుంట వైపు ఒక జిన్నింగు మిల్లులో పత్తి అంటుకుంది. మేం పోయేసరికి ఒక్క కుప్పే కాలుతోంది. మా బండిలో 4,500 లీటర్ల నీళ్లు. రెండు గొట్టాలు పెడితే అవి పది నిమిషాలు కూడా రావు. పత్తి మంట పైన ఆరినట్టే కనిపిస్తుంది, లోపల రగులుతూనే ఉంటుంది. కుప్ప తవ్వి తడుపుకుంటూ పోవాలి. మేం తవ్వుతుండగానే నీళ్లు అయిపోయాయి. నా చేతిలో గట్టిగా బిగుసుకున్న గొట్టం ఒక్కసారిగా మెత్తబడింది, నాజిల్ రెండుసార్లు గాలి కక్కి ఆగిపోయింది. బకెట్‌తో ఉరికొస్తున్న కూలీ ఒకాయన నా మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. పక్కన వ్యవసాయ బావి ఉంది గానీ ఆ టైంలో కరెంటు లేదు. బండి ఇంకో చోటికి పోయి నింపుకొని వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. అప్పటికి మూడు కుప్పలు కాలుతున్నాయి.

ఇప్పుడు నీ ఫొటోలోని ఆకుపచ్చ టోపీ సంగతి చెప్తా. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ అనే అగ్నిరక్షణ సంఘం ఈ టోపీలకు రంగులు సూచించింది. నిమిషానికి 1,500 గ్యాలన్లు, అంతకు మించి ఇచ్చేదానికి లేత నీలం. 1,000 నుంచి 1,499 దాకా ఆకుపచ్చ. 500 నుంచి 999 దాకా నారింజ. 500 కంటే తక్కువైతే ఎరుపు. అన్ని ఊళ్లూ ఇదే పద్ధతి పాటించవు కాబట్టి మీ సిటీ వాటర్ ఆఫీసులో ఒకసారి అడుగు. వాళ్లదీ ఇదే పద్ధతైతే, ఆ హైడ్రంట్ నిమిషానికి కనీసం 3,785 లీటర్లు ఇస్తుంది. మా బండి మోసుకెళ్లిన నీళ్లన్నీ అది నిమిషం పావులో ఇచ్చేస్తుంది, పైగా ఇస్తూనే ఉంటుంది. మీ అమ్మకు ఇదే చెప్పాను. మన దగ్గర చెరువు కింద పొలం దొరికితే ఎవరైనా వద్దంటారా చెల్లే, ఇదీ అట్లాంటిదే అన్నాను. కొంచెం కుదుటపడింది.

ఇక కొలతలు. ఇక్కడ మాత్రం నిదానంగా చదువు. టెక్సాస్ చట్టం ప్రకారం హైడ్రంట్‌కు 15 అడుగుల లోపల కారు ఆపకూడదు. అటు 15, ఇటు 15, మొత్తం 30 అడుగుల రోడ్డు అంచు పోయినట్టే. నీ జాగ ముందు వెడల్పు 60 అడుగులు అన్నావు. హైడ్రంట్ నట్టనడుమ ఉంటే మిగిలేది 30, అదీ అటు 15, ఇటు 15 రెండు ముక్కలుగా. డ్రైవ్‌వేకు 16 కావాలి కాబట్టి ఒక ముక్క దానికే పోతుంది, ఉండేది 15 అడుగుల ముక్క ఒక్కటే. అందులో ఒక్క కారు కూడా సులువుగా పట్టదు. అదే హైడ్రంట్ పక్క జాగతో కలిసే హద్దు మీద ఉంటే నీకు పోయేది 15 అడుగులే. డ్రైవ్‌వే కూడా అదే వైపు పెట్టించుకో. ఎట్లాగూ కారు ఆపకూడని ముక్కలోనే డ్రైవ్‌వే చాలావరకు పడుతుంది, అవతలి వైపు అంచంతా చుట్టాలకు మిగులుతుంది. హైడ్రంట్‌కు డ్రైవ్‌వే ఎంత దూరం ఉండాలో ఊరికో నిబంధన ఉంటుంది. బిల్డర్ నోటిమాట నమ్మకుండా సిటీ వాళ్లనే అడుగు.

సత్యనారాయణ వ్రతమో, బతుకమ్మో అంటే మీ ఇంటికి పది కార్లు వస్తాయి. మీ వదిన దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు చూశాను, ప్రసాదం తిని బయటికొస్తే ఒకాయన కారుకు జరిమానా టికెట్ అంటించి ఉంది. పాపం, చీకట్లో ఆయనకు హైడ్రంట్ కనపడలేదు. వచ్చినవాళ్లకు ముందే చెప్పడం ఇంటివాళ్ల బాధ్యత.

హైడ్రంట్ నట్టనడుమ ఉంటే జరిపించుకుందాంలే అని బిల్డర్ అంటే తొందరపడి తల ఊపకు. అది సిటీదో, నీళ్లు సరఫరా చేసే వాటర్ డిస్ట్రిక్టుదో అవుతుంది, నీది కాదు. వాళ్లు ఒప్పుకోవాలి, ఖర్చు అడిగినవాళ్లే పెట్టుకోవాలి. రోడ్డు తవ్వి పైపు జరపడమంటే వేల డాలర్ల పని. చేయిస్తానంటే ఎవరి ఖర్చుతో, ఎప్పటిలోగా అనేది కాగితం మీద రాయించు. సర్వే ప్లాన్ కూడా అడిగి తీసుకో. అందులో ఈజ్‌మెంట్ గీతలు ఉంటాయి, అంటే నీ జాగలోనే పైపులు, తీగల కోసం వేరేవాళ్లకు వాడుకునే హక్కున్న ముక్క. ఆ గీతల లోపల గడ్డి కోయడం నీ పని, కానీ గోడ కట్టే హక్కు ఉండదు. టెక్సాస్‌లో కొనుగోలు కాగితంలో ఆప్షన్ పీరియడ్, అంటే వద్దనుకుంటే వెనక్కి తగ్గే గడువు, పెట్టించుకునే వీలుంది. ఈ వాకబులన్నీ ఆ గడువు లోపలే ముగించు.

ఇన్సూరెన్స్ గురించి అడిగావు. చాలా కంపెనీలు ఇల్లు హైడ్రంట్‌కు 1,000 అడుగుల లోపల, ఫైర్ స్టేషన్‌కు రోడ్డు మీద 5 మైళ్ల లోపల ఉందా అని చూస్తాయి. అంటే నాలుగిళ్ల అవతలి వాళ్లకూ ఇదే లెక్క. సరిగ్గా మీ ఇంటి ముందే ఉన్నందుకు ప్రత్యేకంగా తగ్గిస్తారని ఎవరైనా చెప్తే నమ్మకు. ఆ అడ్రసు మీద రెండు మూడు కొటేషన్లు ముందే తెప్పించుకో.

కొన్నాక దాని చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచాలి. మొక్కలు పెట్టి దాచేద్దామని కోడలు అన్నదని విన్నాను. వద్దని చెప్పు బిడ్డా. బంతి చెట్టు గానీ, తులసి కోట గానీ అక్కడ వద్దు. రాత్రిపూట పొగలో వెతుక్కునేవాడికి అది దూరం నుంచే కనపడాలి. అప్పుడప్పుడు సిటీ వాళ్లు వచ్చి హైడ్రంట్ తెరిచి నీళ్లు వదులుతారు. ఆ రోజు నల్లాలో నీళ్లు ఎర్రగా వస్తే కంగారు పడొద్దు. తెల్లబట్టలు వాషింగ్ మెషీన్‌లో వేయకుండా, చన్నీళ్ల నల్లా కాసేపు వదిలేస్తే తేటపడతాయి. వదిలిన నీళ్లు ఎటు పారతాయో మాత్రం ఇప్పుడే చూసుకో. వాలు నీ గ్యారేజీ వైపు ఉండకూడదు. 2023 జూలై వానలకు ఇక్కడ నయీంనగర్ నాలా పక్క ఇళ్లల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో కళ్లారా చూశాను, అందుకే వాలు దగ్గర పట్టుబడతా.

మీ అమ్మ బెంగను తీసిపారేయకు. ఇంటి ప్లాన్‌ను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి కట్టమంటే చాలామంది బిల్డర్లు కడతారు. డ్రైవ్‌వే హైడ్రంట్ వైపు వస్తుంది, గుమ్మం దానికి ఎదురు పడకుండా పక్కకు జరుగుతుంది. నీ పార్కింగ్, అమ్మ మనసు రెండూ ఒక్క మార్పుతో కుదురుతాయి.

ఆదివారం పోయినప్పుడు 100 అడుగుల టేపు తీసుకెళ్లు. ఎడమ హద్దు రాయి నుంచి హైడ్రంట్ దాకా ఎంత, కుడి హద్దు నుంచి ఎంత, రోడ్డు అంచు నుంచి లోపలికి ఎంత, ఈ మూడూ కొలిచి ఒక కాగితం మీద గీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా సంతకం పెట్టకు.

ఇట్లు,
నీ మేనమామ