వాన మీద బతికే ఇంటికి ఆరు నెలల నిధి ఏ మూలకు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఐదెకరాల మెట్టలో వేరుశనగ వేస్తాం. పోయినేడు నవంబర్‌లో పంట డబ్బు వచ్చింది, ఈసారి మాత్రం పంట ఎండిపోయింది. ఉన్న రెండు బోర్లూ అడుగంటాయి. ముందొకసారి ఏమీ రాలేదని ఈ ఏడు పంటల బీమా కట్టలేదు. ఇంటి ఖర్చు నెలకు 14 వేలు. బెంగళూరులో పనిచేసే మా అబ్బాయి 8 వేలు పంపుతాడు. బ్యాంకులో 2.5 లక్షలున్నాయి. రెండు రూపాయల వడ్డీకి ఇంకో 3 లక్షలు తెచ్చి, మూడో బోరు వేసి చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాలనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: వద్దండీ. ఎండిన ఏడాది అప్పు తెచ్చి బోరు వేయడం మీ ఒక్కరి పొరపాటే కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 6 వేలు. మీ అబ్బాయి పంపేదాంట్లో మీకు మిగిలేది 2 వేలు! చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఐదేళ్లకు వడ్డీయే 3.6 లక్షలు, అసలు అలాగే ఉంటుంది. పైగా రెండు బోర్లు ఎండిన నేలలో మూడోదానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? వాన ఇంకితేనే కదా.

ఆ వాన సంగతే చూడండి. మీ జిల్లాకు ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. మొత్తం లెక్క సరిపోయిన ఏడాదిలోనూ పంట పోవచ్చు, ఎందుకంటే వేరుశనగ ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే సమయానికి పదును లేకపోతే ఆ తర్వాత ఎంత కురిసినా లాభం లేదు. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. 2015లో ఎల్‌నినో వల్ల నైరుతి మొహం చాటేసింది, అదే ఏడు నవంబర్‌లో నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలు వరదల్లో చిక్కుకున్నాయి. ఎండకు పోని పంట కళ్లంలో తడిసి పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నెల జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని చెబుతాం. మీకు అది చాలదు. పోయినేడు నవంబర్ తర్వాత మీకు మళ్లీ పంట డబ్బు కనిపించేది, అన్నీ కలిసొస్తే, వచ్చే ఏడు నవంబర్‌లో. ఒక్క పంట పోతే రెండు ఆదాయాల మధ్య 24 నెలల ఖాళీ! అందులో సగం ఇప్పటికే ఎలాగో ఈదారు. అయినా ముందుకు మళ్లీ 24 నెలలే లెక్కేయమంటాను, ఎందుకంటే వరసగా రెండో ఏడూ వాన మొహం చాటేయదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంటికి తగ్గేది నెలకు 6 వేలు, అంటే 1.44 లక్షలు. దానికి ఒక సీజన్ విత్తనం, దుక్కి, ఎరువుల డబ్బు కలపండి. ఎకరాకు 20 వేలు అనుకున్నా లక్ష. మొత్తం 2.44 లక్షలు. మీ దగ్గరున్న 2.5 లక్షలు మిగులు సొమ్ము కాదు, అదే మీ అత్యవసర నిధి. ముట్టుకోకండి. నాలుగైదు చిన్న ఎఫ్‌డీలుగా విడదీయండి, అవసరమైనంతే విరగ్గొట్టుకోవచ్చు. ఊళ్లో చేబదులుగా ఇవ్వొద్దు, చీటీల్లో పెట్టొద్దు.

బీమా ఎందుకు మానేశారు? అక్కడ చూసేది మీ ఒక్క పొలాన్ని కాదు, మీ యూనిట్ (బీమాకు ఒకటిగా లెక్కించే ప్రాంతం) మొత్తం లెక్కను. అందుకే ఒక ఏడు రాకపోవచ్చు. ఖరీఫ్‌లో వేరుశనగకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు, ఇది కూడా కట్టకపోతే ఎలా? గడువు తేదీ రైతు సేవా కేంద్రంలో ముందే కనుక్కోండి. ఇంటికి ఆధారం మీ అబ్బాయి సంపాదన కాబట్టి అతని పేరిట టర్మ్ పాలసీ (అతనికేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

సాగుకు అప్పు తప్పనిసరైతే కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. మీ మండలాన్ని కరవు మండలంగా ప్రకటిస్తే పాత పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయమని బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. చీనీ ఆలోచన మానుకోమనడం లేదు, పొలంలో ఫారంపాండ్ (వాన నీటి కుంట) తవ్వించి, అందులో రెండు వర్షాకాలాలు నీళ్లు నిలిచాక మళ్లీ రాయండి.