ట్రాక్టర్ బ్యాటరీ చార్జింగ్‌లో వాసన, వేడి: సమాధానం

అన్నా, 88 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కరెంటు నిల్వ సామర్థ్యం) ట్రాక్టర్ బ్యాటరీని రాత్రంతా 20 ఆంపియర్ల మీద పెడితే తెల్లారేసరికి కుళ్ళిన గుడ్ల వాసన, ఒక పక్క చెయ్యి కాలేంత వేడి, కొత్త యాసిడ్ పోస్తే బాగవుతుందా అని అడిగారు. పొయ్యొద్దు. ముందు కరెంటు ఆపండి, షెడ్డు బయట మెయిన్ ఉంటే అక్కడే. తలుపులు బార్లా తీసి, గాలాడి, చల్లారాకే క్లిప్పుల జోలికి వెళ్ళండి. కరెంటు ఉండగా క్లిప్పు లాగితే వచ్చే రవ్వ చాలు, పైన చేరిన హైడ్రోజన్ పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది. ఆ వాసన కూడా విషవాయువే.

చల్లారాక మూతలు తీసి చూడండి. ప్లేట్లు తేలి ఉంటే అవి మునిగేంత డిస్టిల్డ్ వాటర్ చాలు, మిగతాది చార్జింగ్ అయ్యాకే. ఆవిరయ్యేది నీళ్ళే కదా, యాసిడ్ కాదు.

అసలు సంగతి యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ చెబుతుంది. బ్యాటరీలోని ఆరు గదుల్లో (సెల్స్) అయిదింట రీడింగ్ 1.25 దగ్గర ఉండి, వేడెక్కిన గదిలో 1.15 దాటకపోతే ఆ గది షార్టయినట్టే. దాన్ని ఏ చార్జరూ లేపలేదు, మార్చేయండి.

అన్నీ సమానంగా ఉంటే 8 ఆంపియర్లతో, ఆరుబయట, మీరు మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. 14.4 వోల్టులు దాటనివ్వకండి. కళ్ళద్దాలు తప్పనిసరి, పక్కన బకెట్ నీళ్ళు. బీడీ మాత్రం గట్టు అవతల.