అన్నయ్యనీ వదిననీ ఆష్విట్జ్‌కి తీసుకెళ్ళే ముందు

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు టూర్ల వివరాలూ చదివాను. నన్నడిగితే ఆ మూడూ వద్దు. ఎందుకు వద్దో, ఏది తీసుకోవాలో ఈ ఉత్తరంలో వివరంగా రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు. పైగా దీన్ని అన్నయ్యకీ వదినకీ కూడా నువ్వు చదివి వినిపించాలి.

మొదటిది పొద్దున ఆష్విట్జ్, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నాజీలు యూదుల్ని సామూహికంగా చంపిన క్యాంపు, మధ్యాహ్నం వియెలిచ్కా ఉప్పుగని. ఇక్కడ పోలండ్‌లో, క్రాకోవ్‌లో ఏ ఏజెన్సీకి వెళ్ళినా ముందు చేతిలో పెట్టే కాగితం ఇదే. ఒక్క రోజులో రెండూ అయిపోతాయని మనవాళ్ళు కూడా దీనికే మొగ్గుతారు. ఉప్పుగని చూడదగ్గ చోటే, మీరు ఇంకో రోజు తప్పకుండా వెళ్ళండి. కానీ 11 లక్షల మందిని చంపిన చోటి నుంచి బయటికొచ్చి, వ్యాన్‌లో శాండ్‌విచ్ తిని, ఉప్పుతో చేసిన షాండ్లియర్ల కింద నిలబడి ఫొటోలు దిగడం నాకు మనసొప్పదు. ఆ సంగతి అలా ఉంచినా, రెండు చోట్లకీ టికెట్ టైములు ముందే ఖరారై ఉంటాయి కాబట్టి డ్రైవర్ కన్ను గడియారం మీదే ఉంటుంది. పొద్దున కాస్త ఆలస్యమైతే కోత పడేది ఆష్విట్జ్ రెండో క్యాంపైన బిర్కెనౌకే. హత్యల్లో ఎక్కువ భాగం జరిగింది అక్కడేనమ్మా. దాన్ని అరగంటలో చుట్టబెట్టి వ్యాన్ ఎక్కించే టూర్ డబ్బు తీసుకోకుండా తిప్పినా నేను వెళ్ళమనను.

రెండోది హోటల్ దగ్గరే ఎక్కించుకునేది. ఇది నీకు బాగా నచ్చినట్టుంది. ఒక సంగతి తెలుసుకో. ఆ ప్రాంగణంలో గుంపులను నడిపించేది మ్యూజియం శిక్షణ ఇచ్చిన గైడ్లే. ఏజెన్సీ మనిషి నిన్ను గేటు దాకా తెచ్చి, వాళ్ళకి అప్పజెప్పి, బయట నిలబడతాడు. అంటే నువ్వు ఎవరి దగ్గర కొన్నా లోపల వినపడే గొంతు మ్యూజియానిదే, ఏజెన్సీకి ఇచ్చే అదనపు డబ్బంతా వ్యాన్‌కి. అన్నయ్య మోకాళ్ళ కోసం ఆ ఖర్చు పెట్టుకుంటానంటే కాదనను. కాకపోతే అడుగున చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదువు. బయల్దేరే సమయం మారవచ్చు అని ఉంటుంది. ప్రవేశం దొరక్కముందే సీట్లు అమ్ముకునేవాళ్ళున్నారు. మా ఇంటికొచ్చిన చుట్టాలకి ముందురోజు రాత్రి పడుకోబోతుండగా మెసేజ్ వచ్చింది, తెల్లవారుజామున అయిదింటికల్లా కింద ఉండాలని. పెద్దవాళ్ళు నిద్ర లేక, కాఫీ లేక, ఆ చోటికి వెళ్ళి ఏం వినగలుగుతారు?

మూడోది చవక. ఎందుకు చవకో ఆ వివరాల్లోనే ఉంది చూడు: గైడ్ బదులు గైడ్‌బుక్. ఒక పుస్తకం చేతిలో పెట్టి వదిలేస్తారు.

గైడ్ లేకపోతే ఏమవుతుందని నువ్వు అడగొచ్చు. ఆష్విట్జ్ మొదటి క్యాంపు చూడగానే భయం పుట్టించే చోటు కాదు. ఎర్ర ఇటుకల మేడలు వరసగా, మధ్యలో చెట్లు, చక్కటి దారులు. పాతకాలపు కాలేజీ హాస్టళ్ళలా ఉంటాయి. పదకొండో బ్లాకు గోడ దగ్గర ఏం జరిగిందో, దాని పక్క బ్లాకు కిటికీలకి చెక్కలు ఎందుకు కొట్టారో చెప్పేవాళ్ళుంటేనే ఆ ఇటుకలకు అర్థం. బిర్కెనౌ అయితే మైళ్ళకొద్దీ గడ్డి, అందులో ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టాలు. ఖైదీల్ని ఉంచిన చెక్క బారకాసులు పోయి పొగగొట్టాలే మిగిలాయని తెలియనివాడు పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతాడు.

కాబట్టి నా మాట ఇది. మ్యూజియం సొంత బుకింగ్ సైటులో, మ్యూజియం గైడ్‌తో, నీకు దొరికినంత ఎక్కువ సమయం ఉన్న టూర్ తీసుకో. ప్రాంగణంలోకి ప్రవేశం ఉచితం, డబ్బు కట్టేది గైడ్‌కే. మామూలు టూర్ మూడున్నర గంటలు. ఆరు గంటల అధ్యయన టూర్ ఒకటుంది. అది అన్ని రోజుల్లో అన్ని భాషల్లో ఉండదు గానీ, దొరికితే వదులుకోకు. మూడున్నర గంటలకే కాళ్ళు పీకుతాయి, ఆరు గంటలెందుకని వదిన అంటుంది. ఆ తేడా ఎక్కడుందో చెబుతాను.

మామూలు టూర్ బిర్కెనౌలో గేటు నుంచి పట్టాల వెంట నడిచి, పనికెవరో చావుకెవరో ఎంపికలు జరిగిన ర్యాంప్ దాటి, రెండో మూడో క్రెమటోరియంల (గ్యాస్ చాంబర్లూ, శవాలు కాల్చే కొలుములూ ఉన్న భవనాలు) శిథిలాల దాకా వెళ్ళి, సాధారణంగా ఒక బారకాసు చూపించి ముగుస్తుంది. క్యాంపు నడిపిన నాజీ దళం ఎస్ఎస్ వాళ్ళు పారిపోతూ 1945 జనవరిలో ఆ క్రెమటోరియంలని పేల్చేశారు, ఆ కప్పు కూలిన తీరు ఇవాళ్టికీ అలాగే ఉంది. దాని తర్వాత చాలా గుంపులు వెనక్కి మళ్ళుతాయి. ఇంకా లోపలికి, బర్చ్ చెట్ల దగ్గరికి వెళ్తే నాలుగో అయిదో క్రెమటోరియంల జాగాలు వస్తాయి. 1944 అక్టోబర్ 7న శవాలు కాల్చే పనికి బలవంతాన పెట్టిన యూదు ఖైదీలు, జోండర్‌కమాండో అంటారు వాళ్ళని, తిరగబడి నాలుగో క్రెమటోరియానికి నిప్పు పెట్టారు. దాదాపు 450 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళకి మందుగుండు ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా? ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే యూదు అమ్మాయిలు చిటికెడు చిటికెడు బట్టల్లో దాచి తెచ్చారు. ఫ్యాక్టరీలో ఆలా గెర్ట్‌నర్, ఎస్టెరా వాయ్ట్స్‌బ్లూమ్, రెగీనా సఫిర్‌ష్టైన్; దాన్ని అందుకుని ముందుకు చేరవేసింది బట్టల గోదాములో పనిచేసే రోజా రోబోటా. చిత్రహింసలు పెట్టి, 1945 జనవరి 6న ఈ నలుగురినీ ఉరితీశారు. సోవియట్ సైన్యం వచ్చింది జనవరి 27న. మూడు వారాల తేడా. అయిదో క్రెమటోరియం దగ్గరే 1944లో ఖైదీలు ప్రాణాలకు తెగించి దొంగచాటుగా నాలుగు ఫొటోలు తీసి బయటికి పంపారు. యూదులు గొర్రెల్లా నడిచి వెళ్ళిపోయారని మన ఊళ్ళలో కూడా కొందరు తేలిగ్గా అనేస్తారు. ఆ మాటకి జవాబు ఈ చివరి అరకిలోమీటరులో ఉంది. చిన్న టూర్ ఆగిపోయేది దానికి ముందే.

అక్కడే సౌనా అనే భవనం ఉంది. పనికి ఎంచిన వాళ్ళని బట్టలూడదీసి, జుట్టు గొరిగి, నమోదు చేసిన చోటు. ఇప్పుడు అందులో ఖైదీలు తమతో తెచ్చుకున్న కుటుంబ ఫొటోలు పెట్టారు. రెండు వేల పైచిలుకు. పెళ్ళికూతుళ్ళు, బొచ్చు దుప్పటి మీద బోర్లాపడ్డ పసివాళ్ళు, ఏటి ఒడ్డున తడి జుట్టుతో నవ్వుతున్న కుర్రాళ్ళు. మొదటి క్యాంపులో అద్దాల వెనక బూట్ల గుట్టలు, సూట్‌కేసులు చూసొచ్చాక కళ్ళు మొద్దుబారి ఉంటాయి. సూట్‌కేసుల మీద సున్నం లాంటి తెల్లరంగుతో పేరు, పుట్టిన తేదీ, ఊరు పెద్ద అక్షరాల్లో రాసుంటాయి, మళ్ళీ తమ పెట్టె తమకు దొరుకుతుందనుకుని రాసుకున్నవి. ఆ పేర్లకి ముఖాలు కావాలనిపిస్తుంది. ఆ ముఖాలు సౌనాలో కనిపిస్తాయి. అందుకే నేను తీసుకెళ్ళే వాళ్ళని ఎంత అలసినా అక్కడిదాకా నడిపిస్తాను.

ఇంకొకటి. మొదటి క్యాంపులో పదమూడో బ్లాకు రోమా, సింటీ ప్రజల (జిప్సీలని పిలిచేవాళ్ళ) ప్రదర్శన. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట మన ఉత్తర భారతం నుంచి వెళ్ళినవాళ్ళు, వాళ్ళ భాషలో అంకెలు వింటే నీకే తెలుస్తుంది. ఇక్కడ దాదాపు 21,000 మంది చనిపోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి, మిగిలిన నాలుగు వేల పైచిలుకు మందిని, ముసలీ ముతకా పిల్లా జెల్లా అనకుండా, గ్యాస్ చాంబర్లకి తోలారు. మామూలు టూర్లో ఈ బ్లాకుకి సాధారణంగా వెళ్ళరు. ఇరవై ఏడో బ్లాకులో ఇజ్రాయెల్‌లోని స్మారక సంస్థ యాద్ వాషెం వాళ్ళ ప్రదర్శన ఉంది, అందులో హతుల పేర్ల పుస్తకం మనిషెత్తు పుటలతో గది పొడవునా ఉంటుంది. దీనికి కూడా విడిగా టైం ఉంచుకో.

ఇక అన్నయ్య సంగతి. ఆరు గంటలు ఒక్క బిగిన నడవలేడు. బ్లాకుల్లో మెట్లు అరిగిపోయి నున్నగా ఉంటాయి, బిర్కెనౌలో కంకర, ఎగుడుదిగుడు నేల, నీడ బొత్తిగా లేదు. జూన్‌లో ఎండైనా వానైనా నెత్తినే. అందుకని మీరు ఆష్విట్జ్ ఉన్న ఓష్వియెంచిమ్ ఊళ్ళోనే ఒక రాత్రి ఉండండి. మొదటి రోజు మూడున్నర గంటల టూర్ గైడ్‌తో. రెండో రోజు, గైడ్ లేకుండా వెళ్ళేవాళ్ళకి మ్యూజియం ఉచిత కార్డులిస్తుంది, వాటితో మెల్లగా బిర్కెనౌ చివరిదాకా, కూర్చుంటూ లేస్తూ. ముందురోజు గైడ్ చెప్పింది బుర్రలో ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. సాయంత్రం ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం), దాని పక్కన యూదుల మ్యూజియం చూడొచ్చు. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో సగానికి పైగా యూదులే. చావు గురించి ఇంత విన్నాక, వాళ్ళు అక్కడ ఎలా బతికారో, ఏ దుకాణాలు నడిపారో కూడా తెలియాలి కదా.

భాష సంగతి బాగా ఆలోచించు. అక్కడ చాలా భాషల్లో గైడ్లున్నారు, తెలుగులో లేరు. అందరికీ హెడ్‌ఫోన్లు పెడతారు, గైడ్ నడుస్తూనే మాట్లాడుతుంది. నువ్వు వదిన చెవి దగ్గర తర్జుమా చేస్తూ నడిస్తే ఇద్దరికీ ఏదీ దక్కదు. చేయి కాస్త ఆడితే మీ కుటుంబం వరకే గైడ్‌ని మాట్లాడుకో, ఖర్చు ఎక్కువే కానీ ఆగి చెప్పమనొచ్చు, వదిన ప్రశ్నలు అడగొచ్చు. కుదరకపోతే వాళ్ళు మ్యూనిక్‌లో దిగిన దగ్గర్నుంచి రోజూ భోజనాలయ్యాక కాసేపు కథ చెప్పు: 1933లో హిట్లర్ రావడం, 1940లో పోలిష్ ఖైదీల కోసం ఈ క్యాంపు తెరవడం, 1941లో బిర్కెనౌ కట్టడం మొదలవడం, 1944 వేసవిలో హంగరీ నుంచి నాలుగు లక్షల పైన యూదుల్ని రెండు నెలల్లోపే తేవడం. ఈ నాలుగు మెట్లూ తెలిస్తే ఇంగ్లీషు సగమే అందినా వదిన అల్లుకుపోతుంది.

మంచి గైడ్ ఎవరో నువ్వు ముందుగా ఎంచుకోలేవు. కానీ ప్రకటన చదివి టూర్ అమ్మేవాణ్ణి అంచనా వెయ్యొచ్చు. "పోలిష్ డెత్ క్యాంపు" అని రాసి ఉంటే పక్కన పడెయ్. ఆక్రమించిన పోలండ్‌లో జర్మన్ నాజీలు కట్టిన క్యాంపు అది. ఆ తేడా ఇక్కడివాళ్ళకి ప్రాణంతో సమానం. గగుర్పాటు, భయానకం అంటూ ఊరించేవాణ్ణీ నమ్మకు. "బిర్కెనౌలో ఎంతసేపు?" అని ఒక్క ప్రశ్న రాసి పంపు. సూటిగా జవాబివ్వకపోతే నీకు జవాబు దొరికినట్టే.

బుజ్జిగాణ్ణి తీసుకెళ్ళకు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తేవద్దని మ్యూజియమే సూచిస్తుంది, వాడికి ఎనిమిది. వాడు మా ఇంట్లో ఉంటాడు, మీ మామయ్య విస్తులా ఒడ్డున డ్రాగన్ బొమ్మ నోట్లోంచి మంట రావడం చూపిస్తారు. ఎవరూ లేక హోటల్లో కూర్చోబెట్టాల్సి వచ్చినా అది నయమే గానీ, హతుల జుట్టు గుట్టగా పెట్టిన ఆ గది వాడు చూడకూడదు.

రెండు మూడు నెలల ముందే బుక్ చెయ్, వేసవిలో ఆలస్యమైతే దొరకవు. 2019లో ఒక్క ఏడాదిలోనే 23 లక్షల మంది వచ్చారు. కార్డు మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మన ఇంటిపేర్లు, రెండేసి మూడేసి పేర్లు ఏది ముందో ఏది వెనకో తికమక పెడతాయి. పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టు. అరగంట ముందే చేరండి, విమానాశ్రయంలో లాగే తనిఖీ ఉంటుంది, చిన్న చేతిసంచి తప్ప లోపలికి పోనివ్వరు. వదిన పర్సుకి గుళ్ళో ఇచ్చిన స్వస్తిక్ బిళ్ళ వేలాడుతుంటుంది, అది ఇంట్లో తీసి పెట్టించు. మనకది శుభం, కానీ నాజీల గుర్తూ దాదాపు అలాంటిదే. అక్కడికొచ్చే వాళ్ళలో తాతనో ముత్తవ్వనో పోగొట్టుకున్నవాళ్ళుంటారు, వాళ్ళకి వివరించే అవకాశం మనకుండదు. ఫొటోలు జుట్టు గదిలోనూ పదకొండో బ్లాకు నేలమాళిగలోనూ తీయనివ్వరు. పట్టాల మీద నిలబడి సెల్ఫీ మాత్రం ఎక్కడా వద్దు. పులిహోర పొట్లాలు లోపల విప్పకూడదు, బయట పార్కింగ్ దగ్గర తినండి.

క్రాకోవ్ బస్టాండ్ నుంచి మ్యూజియం దాకా బస్సులున్నాయి, గంటన్నర. రెండు క్యాంపుల మధ్య మూడు కిలోమీటర్ల పైనే, ఉచిత బస్సు తిరుగుతుంటుంది.

ఒకవేళ అన్నయ్యకి ఇంత ప్రయాణం కుదరదంటే నీకు దగ్గర్లోనే డాహౌ ఉంది. స్మారకం వాళ్ళే ఇంగ్లీషులో రెండున్నర గంటల టూర్ నడుపుతారు, ప్రవేశానికి డబ్బు లేదు. 1933 మార్చిలో తెరిచిన క్యాంపది, తర్వాతి క్యాంపులన్నిటికీ నమూనా, 41,500 మంది చనిపోయారు. ఆష్విట్జ్‌కి వెళ్ళలేదు కాబట్టి దీంతో సరిపెట్టామని అనుకోనక్కర్లేదు. అదీ ఒక రోజంతా ఇవ్వాల్సిన చోటే.

వాళ్ళ వీసాలు రాగానే తేదీలు చెప్పు. ఆరు గంటల టూర్ ఏ రోజుల్లో ఉందో నేను చూసి పెడతాను. ఓష్వియెంచిమ్‌లో లిఫ్టు ఉన్న హోటల్ కూడా వెతుకుతాను. ఎంత చెప్పినా అన్నయ్య మోకాలి పట్టీ సూట్‌కేసులో అడుగున పెట్టేస్తాడు, దాన్ని నీ సంచీలోకి మార్చుకో.

ప్రేమతో,
అత్తయ్య