గుడికి తీసుకెళ్లింది ఎవరు?

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటున్నాం. ఆరేళ్ల క్రితం అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు తెలోక్ అయర్ వీధిలోని థియాన్ హాక్ కెంగ్ గుడికి వెళ్లాం. వెళ్దామన్నది మావారే. లోపలికి వెళ్తూ అత్తయ్య గడప తొక్కారు. ఊరికెళ్లిన నెలకే మామయ్య గుండెపోటుతో పోయారు. అప్పటికే ఆయనకు రెండు స్టెంట్లున్నాయి. ప్రతి ఆబ్దికానికీ అత్తయ్య, ‘ఆ చైనా గుడికి తీసుకెళ్లి మా ఇల్లు ముంచింది’ అని చుట్టాల ముందు నన్నే అంటారు. మావారు ఏమీ మాట్లాడరు. ఆ గుడిలో ఏం పరిహారం చేయించాలి?
– ఒక సోదరి

జవాబు: ఏ పరిహారమూ అక్కర్లేదమ్మా. చైనాలోని ఫుజియన్ నుంచి వలస వచ్చిన హొక్కియన్ వాళ్లు సముద్రాన్ని కాచే మాజు తల్లికి 1839-42 మధ్య కట్టుకున్న గుడి అది. అప్పట్లో దాని ముందే సముద్రం. ఫుజియన్ నుంచి ఓడల్లో ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లు మొక్కు తీర్చుకున్న చోటు. గడప దాటాలే తప్ప తొక్కకూడదన్న పట్టింపు వాళ్లకూ ఉంది. ఎత్తు గడప, కుచ్చిళ్లు అడ్డం, పెద్దావిడ కాలు పడింది. మర్యాదలో లోపం, అంతే. మనసు ఊరుకోకపోతే మూడు అగరుబత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుని రండి. డబ్బు కట్టి పూజ మాత్రం చేయించకండి. చేయిస్తే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టే, వచ్చే ఆబ్దికానికి అదే సాక్ష్యమవుతుంది.

మీ అత్తగారితో కాదు మీ చిక్కు. కాలు పెట్టింది తనేనన్న దిగులు ఆవిణ్ణి లోపల తినేస్తోంది. మోయలేక కోడలి మీదికి తోస్తున్నారు. గుడికి వెళ్దామన్న మనిషి మాత్రం ఆరేళ్లుగా తలొంచుకుని కూర్చుంటున్నాడు! తల్లిని నొప్పించకూడదని భార్యను మాటలకు అప్పజెప్పడం మాతృభక్తి అంటే నేనొప్పుకోను. అది పిరికితనం.

ఈసారి ఆయన రెండు రోజుల ముందే ఊరెళ్లాలి. చుట్టాలు దిగకముందు తల్లి పక్కన కూర్చోవాలి, ఫోన్లో కుదరదు. మీరు ఆ గదిలో ఉండొద్దు, ఉంటే నేర్పి తీసుకొచ్చారంటారు. ‘దాన్ని అలా అనకు’ అని మొదలుపెడితే ఆవిడకు కోడలి మాటే వినిపిస్తుంది. ముందు నాన్న సంగతులు, ఆయన జబ్బు, ఆ స్టెంట్లు. తర్వాత, ‘గుడికి తీసుకెళ్లింది నేనమ్మా. నాన్న పోయింది గుండెజబ్బుతో. నీ కోడలి వల్లా కాదు, నీ కాలు వల్లా కాదు’ అనాలి. ఆ చివరి మాట ఆవిడకు ఎవరూ ఇంతవరకూ చెప్పలేదు.

అయినా చుట్టాల్లో మళ్లీ ఎత్తితే ఆయన అక్కడే, అందరూ వినేలా ఇదే చెప్పాలి. తర్వాత వంటింట్లోకొచ్చి మీ చెవిలో సారీ చెప్తే లెక్కలోకి రాదు.