మూడో తూటా నుంచి పైకి పోతుంటే

రైఫిల్‌తో కాలిస్తే మొదటి రెండు తూటాలు పక్కపక్కనే పడి, మూడోది నుంచి పైకి పోతున్నాయంటే తప్పు చాలావరకు మీ స్కోపుది (గురి చూసే దుర్బిణిది) కాదు, వేడిది. సన్న బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) త్వరగా కాగుతుంది. బ్యారెల్ కింద ఉండే చెక్క (స్టాక్) దానికి ఒకవైపు తగులుతుంటే కాగేకొద్దీ గురి జరుగుతుంది.

1. రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య కాగితం జరపండి. ఎక్కడ ఆగితే అక్కడ తగులుతోంది. కొన్నిటికి కొసన కావాలనే ఆనింపు ఇస్తారు, మీరే చెక్కేయకండి. రిపేరు తెలిసినవాళ్లకు చూపించండి.

2. అందరూ వదిలేసేది చల్లారనివ్వడం. కడప మే ఎండలో ఐదు నిమిషాలు ఏ మూలకూ చాలవు. మూడు కాల్చగానే బోల్టు (బ్యారెల్ వెనకవైపును మూసే కడ్డీ) తెరిచి నీడలో పెట్టండి. ముట్టుకుంటే కాల్చకముందుకన్నా వెచ్చగా ఉన్నంతసేపూ ఆగాల్సిందే.

3. జీరో, అంటే తూటా పడేచోటుకి స్కోపు గురి కలపడం, చల్లటి బ్యారెల్‌తోనే. వేర్వేరు రోజుల మొదటి తూటాలు ఒకే అట్ట మీద కాల్చి, అవి పడ్డచోటును బట్టే స్కోపు తిప్పండి.