చంద్రుడి మీద ఉప్పుమడులా?

ప్రశ్న: చంద్రుడి మీద చీకటి గోతుల్లో నగరం ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతోంది. పెద్దది చేసి, వెలుగు పెంచి చూపించారు. అచ్చం మా ఇస్కపల్లి ఉప్పుమడుల్లా గళ్ళు, మధ్యలో గట్లు. ఎవరూ కట్టకపోతే గీతలు అంత తిన్నగా వస్తాయా?
– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ అనుమానంలో న్యాయం ఉంది. అలా కొలిచి గీసినట్టున్న గళ్ళు గోతిలో వాటంతటవి పుట్టవు. అయితే అవి ఉన్నది చంద్రుడి నేల మీద కాదు, ఫైల్లో.

ఫొటోను జేపెగ్‌గా, అంటే ఫైలును కుదించే మామూలు పద్ధతిలో, సేవ్ చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని అడ్డం 8, నిలువు 8 పిక్సెళ్ళ (ఫొటోలోని చుక్కల) గళ్ళుగా కోస్తుంది. గడికి 64 పిక్సెళ్ళు. ఒక్కో గడిని విడిగా లెక్కగట్టి, కంటికి ఆనని సన్న తేడాలను సున్నా చేసేస్తుంది. ఫైలు చిన్నదయ్యేది అందువల్లే. ఎండ పడిన చోట తేడాలు పెద్దవి కాబట్టి నిలుస్తాయి. పిక్సెల్ వెలుగును 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా కొలిస్తే, నీడలో ఉన్న గోతిలో తేడా రెండు మూడు పాయింట్లే. అది కాస్తా పోయి గడి మొత్తానికి ఒకే నలుపు మిగులుతుంది, పక్క గడికి ఇంకాస్త వేరే నలుపు. మామూలుగా చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇప్పుడు వెలుగు పెంచుదాం. 10 నుంచి 30 వరకు ఉన్న నలుపును 0 నుంచి 255 దాకా సాగదీస్తే ప్రతి తేడా దాదాపు 13 రెట్లవుతుంది. 3 పాయింట్ల తేడా 38కి చేరి, గడి అంచు గట్టులా లేచి కనబడుతుంది. ఆపైన 4 రెట్లు పెద్దది చేస్తే ఒక్కో మడి 32 పిక్సెళ్ళ వెడల్పు. పెద్దది చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అంచులను నునుపు చేస్తుంది కాబట్టి గీత కాస్తా గోడలాగా అనిపిస్తుంది.

మీరే తేల్చుకోవచ్చు. ఫొటో పంపినవారిని మొదట వచ్చిన ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే వాట్సాప్ మళ్ళీ కుదిస్తుంది, పాత గళ్ళ మీద కొత్త గళ్ళు పడి కొలత చెడుతుంది. ఫొటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఇమేజ్ మెనూలోని కాన్ఫిగర్ గ్రిడ్‌లో స్పేసింగ్ 8 పెట్టి, వ్యూ మెనూలో షో గ్రిడ్ నొక్కండి. గట్లు ఆ గీతల మీదే కూర్చుంటే అది జేపెగ్ పనే. అంచులు కత్తిరించిన ఫొటో అయితే గీతలు పక్కకు జరిగి ఉంటాయి, కానీ ఎడం 8 గానే ఉంటుంది. పెద్దది చేసిన ఫొటో అయితే ఎన్ని రెట్లో దాన్ని బట్టి 16, 24, 32 వస్తుంది.

దీనికంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. నిజమైన గోడకు మీటర్లు మారవు, జేపెగ్ గడికి పిక్సెళ్ళు మారవు. పిక్సెల్‌కు అర మీటరు చొప్పున తీసిన ఫొటోలో గడి 4 మీటర్లు. అదే చోటును పిక్సెల్‌కు 20 మీటర్ల చొప్పున చూపే ఫొటోలో 160 మీటర్లు. ఫొటో మారినప్పుడల్లా సైజు మారే ఊరు ఎక్కడా ఉండదు. పైగా ఆ గట్లు గోతి గోడ వాలు ఎక్కవు, దిగవు. ఫొటో అంచుకు సమాంతరంగా సాగిపోతాయి.

అసలు ఫొటోలు చూడాలంటే చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ తీసినవి క్విక్‌మ్యాప్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ లేకుండానే దొరుకుతాయి. 2019 జులై 22న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-2లోని ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు వివరం పట్టగలదు. ఆ డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉంది. అదే చోటును వేరే ఎండలో తీసిన ఫొటోతో పోల్చండి. గోతులు, రాళ్ళు ఉన్నచోటే ఉంటాయి, గళ్ళు ఉండవు.

పాత ఫొటోల సంగతి వేరు. 1966–67లో నాసా పంపిన లూనార్ ఆర్బిటర్ నౌకలు ఫిల్మును అంతరిక్షంలోనే కడిగి, సన్నటి పట్టీలుగా స్కాన్ చేసి భూమికి పంపాయి. ఇక్కడ ఆ పట్టీలు అతికిన చోట వచ్చిన గీతలనే రోడ్లనీ పైపులనీ చాలామంది భ్రమపడ్డారు.

ప్రశ్న: ఒక ఫొటోలో బోర్లించిన గిన్నెల్లాంటి గుమ్మటాలు వరసగా ఉన్నాయి. ట్యాంకులా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఫొటోను తలకిందులు చేయండి, గుమ్మటాలు గుంటలవుతాయి. వెలుగు పైనుంచే పడుతుందని మన మెదడు ముందే అనుకుంటుంది. ఫొటోలో ఎండ కిందివైపు నుంచి పడితే లోతు ఎత్తుగా తోస్తుంది. ముందు సూర్యుడు ఎటున్నాడో చూసుకుని, వెలుగు పైనుంచి వచ్చేలా ఫొటోను తిప్పాకే లోపల ఏముందో చూడాలి.

ప్రశ్న: మైపాడు బీచ్‌లో ఫోనుతో పున్నమి చంద్రుణ్ణి తీశాను. అంచు చుట్టూ గాజు కప్పులా సన్నని వెలుగు ఉంది. ఏమిటది?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఫోను చేసిన షార్పెనింగ్. నలుపు, తెలుపు కలిసే చోట తెలుపు వైపు మరింత తెలుపు, నలుపు వైపు మరింత నలుపు పూస్తుంది. 70 డిగ్రీల మేర చూసే మామూలు లెన్సు, 4000 పిక్సెళ్ళ వెడల్పు ఫొటోలో చంద్రుడికి దక్కేది 30 పిక్సెళ్ళే. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు కాబట్టి ఒక పిక్సెల్ అంటే దాదాపు 116 కిలోమీటర్లు. ఆ కప్పు నిజమైతే అంత మందం ఉండాలి! ఈసారి ప్రో మోడ్‌లో రా ఫైలు (ఫోను మెరుగులు దిద్దని ఫొటో) తీయండి. చంద్రుడు బాగా పైకెక్కాక టెలిఫొటో లెన్సుతో ఐఎస్‌ఓ (వెలుగును పట్టే తీవ్రత) 50, షట్టర్ సెకనులో వెయ్యో వంతు దగ్గర మొదలుపెట్టి, ఫొటో తెల్లగా పేలిపోతే షట్టర్ వేగం పెంచండి. డిజిటల్ జూమ్ వద్దు. సీన్ గుర్తించే ఏఐ ఆప్షన్ ఉంటే ఆపేయండి. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి, లెన్సుకు అందని వివరాలను సొంతంగా పూస్తాయి.