స్లాట్ కార్ల డ్రాగ్ స్ట్రిప్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 43 సంవత్సరాలు. పరవాడలోని ఒక ప్రైవేటు ఫార్మా కంపెనీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. చేతికందే జీతం 78 వేలు. నా భార్య ఉపాధ్యాయురాలు, ఆమె జీతం 22 వేలు. మధురవాడ ఫ్లాటుపై ఇంకా 26 లక్షల గృహరుణం ఉంది, నెల వాయిదా 26,500. పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. బ్యాంకులో 4.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. నలుగురు మిత్రులతో కలిసి 1/24 స్కేలులో, అంటే అసలు కారులో 24వ వంతు పరిమాణంలో, స్లాట్ కార్లు (గాడిలో కరెంటుతో పరుగెత్తే చిన్న కార్లు) తయారుచేసి ఆదివారాలు పందెం వేస్తుంటాము. ఆటోనగర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని 55 అడుగుల డ్రాగ్ స్ట్రిప్, అంటే మలుపుల్లేని తిన్నని పందెపు ట్రాక్, పెట్టాలని ఉంది. దిగుమతి చేసుకునే ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ట్రాక్‌కు 3.2 లక్షలు, టైమింగ్ పరికరాలకు 1.6 లక్షలు, షెడ్డు అడ్వాన్సు, మరమ్మతులకు 1.3 లక్షలు, కార్లు, మోటార్లకు 70 వేలు, మొత్తం 6.8 లక్షలు అవుతుంది. పర్సనల్ లోన్ 5 లక్షలు తీసుకుని, మిగతాది డిపాజిట్ నుంచి తీయాలనుకుంటున్నాను. బయటివారిని రానిస్తే నెలకు 30 వేలు మిగులుతుందని మిత్రులు అంటున్నారు. లోన్ వద్దంటే నా భార్య బంగారం తాకట్టు పెట్టమంటారా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ సరదాపై నాకు అభ్యంతరం లేదు. మీ ఉత్తరంలో సరదా, వ్యాపారం అనే రెండు వేర్వేరు విషయాలు ఒకే లెక్కలో కలిసిపోయాయి, నా అభ్యంతరమంతా అక్కడే. సరదా అయితే దాని ఖర్చు నెల మిగులులో నుంచి రావాలి. వ్యాపారమైతే అది తన వాయిదాను తానే కట్టుకోగలగాలి. మీ ప్రణాళిక ఈ రెండింటిలో దేనికీ నిలబడటం లేదు.

ముందుగా మిగులు సంగతి చూద్దాం. ఇద్దరి జీతాలు కలిపి లక్ష రూపాయలు. గృహరుణం వాయిదా 26,500, ఇంటి ఖర్చు 32 వేలు, పాప ఫీజులు 9 వేలు, విజయనగరంలో ఉన్న అమ్మానాన్నలకు పంపేది 6 వేలు, సుకన్య సమృద్ధి ఖాతాకు, పీపీఎఫ్‌కు చెరో 5 వేలు, బీమా ప్రీమియములు సగటున 4 వేలు పోగా నెలకు 12,500 మిగులుతోందని మీరు పంపిన పట్టికలో రాశారు. అయితే ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులు, అంటే కారు బీమా, సర్వీసు, ఇంటి పన్ను, పండుగ బట్టలు, వేసవి ప్రయాణాలు అందులో లేవు. ఇవి ఏడాదికి 54 వేలకు తగ్గవని మీ కుటుంబ వివరాలను బట్టి అంచనా వేస్తున్నాను, అంటే నెలకు 4,500. కాబట్టి మీ నిజమైన మిగులు 8 వేలు. పర్సనల్ లోన్ 5 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 13,660 అవుతుంది. షెడ్డు అద్దె మాట ఎత్తకముందే మీ ఇంటి లెక్క నెలకు 5,600 పైచిలుకు లోటులో పడుతుంది. నాలుగేళ్లలో కట్టే వడ్డీయే లక్షన్నర దాటుతుంది.

డిపాజిట్‌లో చేయి పెట్టడం ఇంకా ప్రమాదకరం. జీతం ఆగినా ఆగని ఖర్చులు మీ ఇంట్లో నెలకు 77,500 ఉన్నాయి. ఆరు నెలలకు 4.65 లక్షలు చేతిలో ఉండాలి. మీ దగ్గర ఉన్నది 4.2 లక్షలు, అంటే ఇప్పటికే 45 వేలు తక్కువ. అందులోంచి 1.8 లక్షలు తీసి, పైన కొత్త వాయిదా కూడా చేరితే, మిగిలిన డబ్బు రెండున్నర నెలలకు మించి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తరువాత కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక ఎన్ని రోజులు గడిచాయో విశాఖవాసులకు నేను గుర్తుచేయనక్కరలేదు. ఆ రోజుల్లో ఎగిరిపోయిన రేకుల కప్పులు కూడా మీకు గుర్తుండే ఉంటాయి. షెడ్డులో 5 లక్షల సామాను పెట్టదలచినవారు ఆ సామానుకు బీమా ప్రీమియం కూడా లెక్కలో వేసుకోవాలి. మీ పట్టికలో అది లేదు.

ఇక 6.8 లక్షల అంచనా దగ్గరకు వద్దాం. ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు: కారు ముందు భాగంలో కింద ఉండే గైడ్ ట్రాక్‌లోని సన్నని గాడిలో నడుస్తుంది, గాడికి రెండు పక్కలా ఉన్న రాగి పట్టీల నుంచి కరెంటు తీసుకుంటుంది. చేతిలోని కంట్రోలర్ నొక్కినంత వేగం వస్తుంది. 1957లో బ్రిటన్‌లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఈ కార్లు మార్కెట్‌లోకి వచ్చాయి, 1960ల్లో అమెరికాను ఊపేశాయి. డ్రాగ్ స్ట్రిప్‌లో మలుపులుండవు. రెండు లేన్లు, రెండు కార్లు, పందెం మొదలుకు సంకేతంగా పైనుంచి కిందికి వెలిగే ‘క్రిస్మస్ ట్రీ’ దీపాలు, ఆ చివర ముగింపు గీత, అంతే.

విదేశీ అమ్మకందారు చెప్పిన ధరలో కస్టమ్స్ సుంకం ఉందో లేదో మీరు రాయలేదు. బొమ్మలపై మూల కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచారు. సుంకాల పట్టికలో స్కేలు మోడళ్లు బొమ్మలతో ఒకే శీర్షికలో ఉంటాయి. దీనిపైన జీఎస్టీ, కార్డుపై చెల్లిస్తే విదేశీ మారకపు రుసుము అదనం. మీ సరుకును ఏ శీర్షిక కింద వేస్తారో ముందుగా కొరియరు సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకుండా అడ్వాన్సు పంపవద్దు. కార్లు తెప్పించి నలుగురికీ అమ్ముదామనే ఆలోచన కూడా ఉంటే, పిల్లల బొమ్మలపై ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి అన్న సంగతి గమనించండి.

అయినా అంత దూరం నుంచి చెక్క తెప్పించుకోవడం దేనికి? పైగా ఎండీఎఫ్ మన సముద్రపు గాలిలోని తేమకు అంచుల దగ్గర ఉబ్బుతుంది. రెండు ముక్కలు కలిసే చోట గాడి ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా గైడ్ అక్కడ తగిలి కారు ఎగిరిపోతుందని మీకు నేను చెప్పాలా? 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని నిలువుగా నాలుగు పట్టీలు కోస్తే ఒక్కొక్కటీ రెండు లేన్లకు సరిపోయేటంత వెడల్పు వస్తుంది. మూడు షీట్లకు పన్నెండు పట్టీలు, అంటే 96 అడుగులు. అందులో 55 అడుగులు పందానికి, మిగతాది కారు ఆగడానికి. చదరపు అడుగు 120 రూపాయల చొప్పున వేసినా చెక్క ఖరీదు 12 వేలకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటరుతో నడిచే చెక్క కోత యంత్రం) ఉన్న వడ్రంగి చేత గాడి తీయించి, ముక్కలను డోవెల్ పిన్నులు, బోల్టులతో కలిపితే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి గోడకు నిలబెట్టుకోవచ్చు. టైమింగ్ పరికరానికి 1.6 లక్షలు పెట్టడం మాత్రం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. ఫ్యాక్టరీలో రోజూ సెన్సర్లతో పనిచేసే మీకు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, కొన్ని ఎల్‌ఈడీలతో ట్రీని, గడియారాన్ని తయారుచేసుకోవడం కొన్ని వేలతో, కొన్ని ఆదివారాలతో అయ్యే పని. ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు: రెండు లేన్లకు రెండు వేర్వేరు 12 ఓల్టుల బ్యాటరీలు కొనండి. ఒకే బ్యాటరీ పెడితే ఒక మోటారు బయలుదేరుతూ లాగే కరెంటుకు రెండో లేన్‌లో ఓల్టేజి పడిపోయి పందెమే అన్యాయమవుతుంది. బ్యాటరీలు, చార్జర్లు, రాగి పట్టీ, కంట్రోలర్లు, వడ్రంగి కూలి అన్నీ కలిపి లక్ష రూపాయల లోపు తేలాలని నా అంచనా.

దూరం విషయంలోనూ పట్టుదల అక్కరలేదు. నిజమైన డ్రాగ్ రేసు దూరమైన పావు మైలును, అంటే 1,320 అడుగులను 24తో భాగిస్తే మీ 55 అడుగులు వచ్చాయి. అమెరికాలో నిజమైన కార్ల డ్రాగ్ రేసులు నిర్వహించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థే టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతులకు 2008 నుంచి వెయ్యి అడుగుల పందెం నడుపుతోంది. అది మీ స్కేలులో 41 అడుగుల 8 అంగుళాలు. అక్కడ ఎందరో పోటీపడే ఎనిమిదో వంతు మైలు దూరమైతే ఇరవై ఏడున్నర అడుగులే. మొదటి ఏడాది ఈ చిన్న దూరంతో మొదలుపెడితే ఆరేడు ముక్కలు చాలు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఒప్పుకుంటే సెల్లారులోనో, మీ మిత్రుల్లో ఒకరికి గోదాము ఉందని రాశారు కదా, అక్కడ ఆదివారం పూటనో పరచుకోవచ్చు. నెలకు 18 వేల షెడ్డు అద్దె పూర్తిగా తప్పుతుంది.

ట్రాక్ ఖర్చు ఒక్కసారితో తీరుతుంది. ఈ సరదాలో డబ్బును ఏళ్ల తరబడి తినేది మోటారు. ఇద్దరూ ఒకేసారి బయలుదేరి ముందు చేరినవాడే గెలిచినట్టు అనే పద్ధతి పెట్టుకుంటే, ఒకరు బలమైన ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తెచ్చిన మరుసటి వారం మిగతా నలుగురూ కొనక తప్పదు. తరువాత అయస్కాంతాలు, గేర్లు, స్పాంజి టైర్లు వరుసగా వస్తాయి. పెళ్లిళ్లలో పక్కింటివారిని చూసి పెట్టే ఖర్చు కూడా ఇలాగే పెరుగుతుంది. దీనికి మందు డ్రాగ్ రేసింగ్‌లోనే ఉంది, దాన్ని బ్రాకెట్ రేసింగ్ అంటారు. ప్రతి ఒక్కరూ తన కారు ఎంత సమయంలో చేరుతుందో ముందుగా ప్రకటించాలి. నెమ్మది కారుకు ఆ తేడా మేరకు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. ప్రకటించిన సమయం కన్నా తక్కువలో చేరితే బ్రేకవుట్ కింద ఓడినట్టే. ఉదాహరణకు మీ కారు 1.20 సెకన్లది, మీ మిత్రునిది 0.85 సెకన్లది అయితే, మీకు 0.35 సెకను ముందు దీపం వెలుగుతుంది. అప్పుడు గెలుపు మీ చేతి చురుకుదనంపై, కారు ప్రతిసారీ ఒకేలా పరుగెత్తడంపై ఆధారపడుతుంది గాని మోటారు ఖరీదుపై కాదు. వెయ్యి రూపాయల లోపు మోటారు కూడా ఖరీదైన మోటారును ఓడించగలదు. మీ ఐదుగురూ ఈ నియమాన్ని మొదటి రోజే రాసుకుంటే, ఏటా మోటార్లపై పోయే వేల రూపాయలు ఏ పెట్టుబడి పథకమూ ఇవ్వనంత ఖాయంగా మీకు మిగులుతాయి. వేగమే కావాలనేవారి కోసం ఏడాదికి ఒకటి రెండు సార్లు విడిగా పందెం పెట్టుకోండి.

నెలకు 30 వేల లాభం మాట నేను నమ్మలేకపోతున్నాను. అద్దె 18 వేలు, కరెంటు, ఒక కుర్రవాడి జీతం, టైర్లు, మోటారు బ్రష్‌ల వంటి అరుగుదల సామాను కలిపి నెలకు 35 వేలు వేసుకోండి. 30 వేలు మిగలాలంటే 65 వేల వసూళ్లు ఉండాలి. మనిషికి ఒక్కో పరుగుకు 50 రూపాయలు తీసుకుంటే 1,300 పరుగులు. మీరు ఉద్యోగం మానరు కనుక శని, ఆదివారాలే తెరుస్తారు. ఎనిమిది రోజుల్లో రోజుకు 162, రెండు లేన్లు కనుక 81 జతలు. కారును గాడిలో నిలిపి, టైర్లు తుడిచి, దీపాలు వెలిగించి, తిరిగి తెచ్చుకునేసరికి జతకు మూడు నిమిషాలు పడుతుంది. అంటే రెండు లేన్లూ ఒక్క క్షణం ఖాళీ లేకుండా నాలుగు గంటలు నడవాలి, ప్రతి వారాంతం, మొదటి నెల నుంచే. బీచ్ రోడ్డుకు వచ్చే జనం ఆటోనగర్ షెడ్డుకు వస్తారని ఎలా అనుకుంటున్నారు? పైగా ఇందులో మీ లోన్ వాయిదా ఇంకా కలపలేదు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు రుసుమూ కలపలేదు. ప్రవేశ రుసుము పోగుచేసి గెలిచినవారికి నగదు ఇచ్చే ఆలోచన ఉంటే న్యాయవాదిని అడగకుండా చేయవద్దు. కప్పు ఇస్తే ఏ చిక్కూ ఉండదు. జనం వస్తారో రారో తెలుసుకోవాలంటే విప్పి కట్టుకునే ట్రాక్‌ను ఏదైనా కళాశాల వేడుకలోనో, అపార్ట్‌మెంటు పండుగలోనో ఒక రోజు పరచి చూడండి.

బంగారం సంగతి. తాకట్టుపై వడ్డీ పర్సనల్ లోన్ కన్నా సాధారణంగా తక్కువే, కానీ ఆ నగలు మీవి కావు, మీ శ్రీమతివి. నెలకు 8 వేలు మిగిలే ఇంట్లో అసలు కట్టలేక వడ్డీ మాత్రమే కట్టి ఏటా తిరగరాయించుకోవడం జరుగుతుంది, అదీ తప్పితే వేలం నోటీసు వస్తుంది. ఈ దారి వద్దు.

నేను సూచించేది ఇది. 8 వేల మిగులులో 5 వేలు తొమ్మిది నెలల పాటు డిపాజిట్ వైపు మళ్లించండి, 45 వేల లోటు పూడుతుంది. మిగిలిన 3 వేలు మీ సరదాకు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మీ ఐదుగురూ తలా 3 వేలు వేస్తే నెలకు 15 వేలు, ఏడాదికి 1.8 లక్షలు. చిన్న స్ట్రిప్ ఐదారు నెలల్లో, అప్పు లేకుండా సిద్ధమవుతుంది, మిగతా అడుగులు ఆ తరువాత చేర్చుకోవచ్చు. ట్రాక్ మీ ఒక్కరి పేర కాక ఐదుగురి సమాన వాటాగా ఉండాలి. ఎవరికైనా బదిలీ అయినా, ఆసక్తి పోయినా వాటా ధర ఎలా కట్టాలి, సామాను ఎవరింట్లో ఉండాలి, పాడైతే ఎవరు భరించాలి అన్నవి ఒక కాగితంపై రాసి అందరూ సంతకాలు చేయండి. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడవద్దు. లోన్ మీ ఒక్కరి పేర తీసుకుని ఆట మాత్రం ఐదుగురు ఆడుకునే మొదటి ప్రణాళికను ప్రతిపాదించడానికి మీ మిత్రులు మొహమాటపడలేదు.

పాప తొమ్మిదో తరగతి కనుక రెండేళ్లలో ఇంటర్ ఫీజు మీద పడుతుంది. అది ఇప్పటి 9 వేలతో సరిపోదు. అందుకే పదో నెల నుంచి ఆ 5 వేలను 15 నెలల రికరింగ్ డిపాజిట్‌గా మార్చండి. ఆరున్నర శాతం వడ్డీ వేసినా 78 వేల వరకు చేతికొస్తుంది. ఏ కళాశాలో, హాస్టలో, ఇంటి నుంచి వెళ్లిరావడమో పదో తరగతి సంక్రాంతి సెలవుల్లోగా మీ ఇంట్లో మాట్లాడుకుని, ఆ ఫీజు అంకెతో నాకు మళ్లీ రాయండి. 3 వేలను కొనసాగించాలా, 2 వేలకు తగ్గించాలా అన్నది అప్పుడు చూద్దాం.